శంకుస్థాపనకు ముందే మొదలయ్యే నష్టం: ఆసుపత్రుల నిర్మాణ ఖర్చుపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రభుత్వ డబ్బుతో ఆసుపత్రులు కట్టే విషయం మీద ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. కొన్ని కోపంగా ఉన్నాయి, కొన్ని నిజంగా తెలుసుకోవాలని అడిగినవి. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: ఆసుపత్రి ప్రకటించిన రోజు చెప్పే ఖర్చు ఒకటి, తలుపులు తెరిచే రోజుకు అయ్యేది ఇంకొకటి. ఒక్కోసారి రెట్టింపు దాటుతుంది. ఇదంతా అవినీతేనా మేడమ్?
– ఒక రిటైర్డ్ టీచరు

జవాబు: అవినీతి ఉన్నచోట ఉంటుంది మాస్టారూ, దాన్ని పట్టుకోవాల్సిందే. కానీ ఒక్క రూపాయి లంచం చేతులు మారకపోయినా ఖర్చు రెట్టింపవుతుంది, మనవాళ్లు తక్కువ మాట్లాడేది దీని గురించే. అసలు నష్టం చాలాసార్లు పునాది తవ్వకముందే, డ్రాయింగులు పూర్తికాకుండానే ఒక అంకె బయటకు చెప్పి దాన్నే బడ్జెట్ అనుకున్నప్పుడు జరిగిపోతుంది.

ఐర్లాండ్‌లో జాతీయ పిల్లల ఆసుపత్రి కథ చూడండి. మొదట డబ్లిన్‌లో ఒకచోట కడదామనుకుంటే 2012లో ప్లానింగ్ అనుమతి రాలేదు, స్థలం మార్చారు. 2017లో 98.3 కోట్ల యూరోలకు ప్రభుత్వం ఒప్పుకుంది. 2018 చివరికి అది 143.3 కోట్లయింది. 2024 ఫిబ్రవరిలో ఆమోదించిన మొత్తం, ఐటీ వ్యవస్థకూ మూడు పాత ఆసుపత్రులను ఒకటి చేయడానికీ అయ్యే ఖర్చుతో కలిపి, 224 కోట్ల యూరోలు. ఎందుకిలా అయిందంటే, పని త్వరగా మొదలుపెట్టాలన్న తొందరలో రెండు దశల టెండరు పెట్టారు. ప్రాథమిక డిజైన్ మీద కాంట్రాక్టరును ఎంచుకుని, పూర్తి డిజైన్ తయారయ్యాక అసలు ధర తేలుద్దామనుకున్నారు. డిజైన్ తయారవుతున్నకొద్దీ కాంక్రీటు, స్టీలు, పైపులు, వైర్లు అన్నిటి పరిమాణాలూ పెరిగాయి. ధర తేలే సమయానికి కాంట్రాక్టరు అప్పటికే సైటులో ఉన్నాడు, వెనక్కి తిరిగే దారి కష్టమైపోయింది. ప్రభుత్వం వేయించిన స్వతంత్ర సమీక్ష కూడా 2019లో బడ్జెట్ వేసిన తీరులో, రిస్కులు లెక్కగట్టిన తీరులో, పర్యవేక్షణలో లోపాలున్నాయని తేల్చింది.

రెండు దశల టెండరు పద్ధతే తప్పని నేను అనడం లేదు. పూర్తి ధర తెలియకముందే పార్లమెంటుకూ ప్రజలకూ ఆ ధర తెలిసినట్టు చెప్పడం తప్పు.

దీనికి మందు కొత్తగా కనిపెట్టక్కర్లేదు. మనుషులు తమ ప్రాజెక్టు మీద ఎప్పుడూ ఆశగానే లెక్క వేస్తారని ఒప్పుకుని, ఆ ఆశకు ముందే కోత పెట్టాలి. బ్రిటన్ ట్రెజరీ, అంటే అక్కడి ఆర్థిక శాఖ, జారీ చేసే గ్రీన్ బుక్ మార్గదర్శకాల్లో ఇది ఉంది: మొదటి దశ అంచనాకు మామూలు భవనాలైతే 24 శాతం వరకు, ప్రత్యేక తరహా భవనాలైతే 51 శాతం వరకు కలుపుకుని చూడాలి, డిజైన్ గట్టిపడి అనుమానాలు తీరేకొద్దీ దాన్ని తగ్గించుకుంటూ రావాలి. నార్వే ఇంకో అడుగు ముందుకేసింది. 2000 నుంచి అక్కడ పెద్ద ప్రభుత్వ ప్రాజెక్టులను పార్లమెంటు ముందుకు తెచ్చేముందు ఆ ప్రాజెక్టుతో సంబంధం లేని బయటి నిపుణులు లెక్కలు తనిఖీ చేస్తారు. పార్లమెంటు సాధారణంగా సరిపోయే అవకాశం 85 శాతం ఉన్న మొత్తాన్ని ఆమోదిస్తుంది, పని నడిపే సంస్థ చేతికి మాత్రం సరిపోయే అవకాశం సగమే ఉన్న చిన్న మొత్తం ఇస్తారు, మధ్యలో ఉన్న తేడా మంత్రిత్వ శాఖ దగ్గరే ఉంటుంది. నాకు ఈ ఏర్పాటు చాలా నచ్చుతుంది. రిజర్వు డబ్బు పని చేసేవాళ్ల చేతిలోనే ఉంటే అది రిజర్వుగా మిగలదు, మొదటి ఏడాదిలోనే ఏదో ఒక పనికి అయిపోతుంది.

ప్రశ్న: నేను సివిల్ ఇంజినీర్ని. టెండర్లలో అందరికంటే తక్కువ కోట్ చేసినవాడికే పని ఇస్తారు. తర్వాత ఎక్స్‌ట్రా ఐటెమ్స్ పేరుతో అంతా రాబట్టుకుంటాడు, లేదా మధ్యలో వదిలేసి పోతాడు. అధికారులకు ఇది తెలీదా?

జవాబు: తెలుసు. తెలిసి కూడా తక్కువకే ఇస్తారు. ఎక్కువ కోట్ చేసినవాడికి ఎందుకిచ్చావని ఆడిట్ అడుగుతుంది కానీ, తక్కువకు ఇచ్చి పని పాడైతే ఆ అధికారిని అడిగేవాళ్లు ఉండరు, అప్పటికి ఆయన బదిలీ అయిపోయి ఉంటాడు. నియమాలే ఆయన్ను అటు నెడుతున్నాయి.

మీరు చెప్పిన రెండో ముప్పుకు, అంటే పని మధ్యలో ఆగిపోవడానికి, పెద్ద ఉదాహరణ బ్రిటన్ నిర్మాణ కంపెనీ కారిలియన్. 2018 జనవరి 15న ఆ కంపెనీ దివాలా తీసినప్పుడు ఇంగ్లండ్‌లో రెండు పెద్ద ఆసుపత్రులు సగంలో ఆగిపోయాయి. 2017లో తెరవాల్సిన రాయల్ లివర్‌పూల్ 2022లో తెరుచుకుంది. 2018లో తెరవాల్సిన మిడ్‌లాండ్ మెట్రోపాలిటన్‌కు 2024 దాకా పట్టింది. లివర్‌పూల్‌లో దూలాలు, స్లాబుల డిజైన్‌లోనే లోపాలు బయటపడి, కట్టిన కట్టడానికే మళ్లీ బలం చేకూర్చాల్సి వచ్చింది. కంపెనీ పనుల ధర సరిగా వేసుకోలేదని, పని సరిగా నడపలేదని బ్రిటన్ జాతీయ ఆడిట్ కార్యాలయం 2020లో చెప్పింది. పెరిగిన ఖర్చులో ఎక్కువ భాగం ఆ ఆసుపత్రులకు డబ్బు పెట్టిన ప్రైవేటు పెట్టుబడిదారులకే తగిలిందని కూడా అదే నివేదికలో ఉంది, అది దాచిపెడితే అన్యాయమవుతుంది. కానీ అన్నేళ్లు పాత భవనంలో వైద్యం చేయించుకున్న రోగుల నష్టాన్ని ఏ కాంట్రాక్టూ పూడ్చదు.

టెండరు దశలో చేయగలిగినవి ఉన్నాయి. ధరకు ఇన్ని మార్కులు, నాణ్యతకూ అనుభవానికీ టీమ్‌కూ ఇన్ని మార్కులు అని ముందే ప్రకటించడం. మిగతావాళ్లకంటే బాగా తక్కువకు వేసినవాడిని పిలిచి, ఐటెమ్ వారీగా ఈ రేటుకు ఎలా చేస్తావో రాతలో చూపించమనడం, చూపించలేకపోతే పక్కన పెట్టడం. కంపెనీ చేతిలో ఇప్పటికే ఎన్ని పనులున్నాయో, బ్యాంకు అప్పులెంతో చూడటం.

కానీ ఎక్స్‌ట్రా ఐటెమ్స్‌కు కాంట్రాక్టరునే తిడితే లాభం లేదు. వాటిలో చాలావరకు మనమే పుట్టిస్తాం. స్లాబ్ పడ్డాక ఆపరేషన్ థియేటర్ ఇంకొకటి కావాలంటాం. కొత్త సూపరింటెండెంట్ వచ్చి వార్డు అటు మార్చమంటాడు. ఏ స్కానర్ కొంటామో తేల్చకుండానే స్కానర్ గది కట్టేస్తాం, తర్వాత మెషీన్ బరువుకు నేల, దాని షీల్డింగ్‌కు గోడ మళ్లీ చేయాల్సి వస్తుంది. ఒక తేదీ తర్వాత డిజైన్ మార్చడానికి వీల్లేదని నియమం పెట్టి, తప్పనిసరి మార్పు ఏదైనా ఉంటే దాని ఖర్చు, దానివల్ల పెరిగే నెలలు, అడిగిన వ్యక్తి పేరు ఒకే కాగితం మీద రాసి సంతకం చేయించమనండి. పేరు రాయాల్సి వచ్చేసరికి సగం మార్పులు అవసరం లేనివని వాళ్లే ఒప్పుకుంటారు.

ప్రశ్న: నేను స్టాఫ్ నర్సుని. మా కొత్త బ్లాక్ కట్టడం అయిపోయింది, రంగులు కూడా వేశారు. అయినా తాళమే. ఎవర్ని అడిగినా ఇంకా హ్యాండోవర్ కాలేదంటారు. కట్టాక కూడా ఇంత లేటెందుకు మేడమ్?

జవాబు: ఈ ప్రశ్న నర్సు దగ్గర్నుంచి రావడం నాకు సంతోషంగా ఉందమ్మా. దీని జవాబులో సగం మీలాంటివాళ్లను డిజైన్ బల్ల దగ్గర కూర్చోబెట్టకపోవడమే.

ఆసుపత్రి అంటే గోడలు కాదు, గాలి, నీళ్లు, కరెంటు, ఆక్సిజన్ లైన్లు. ఇవన్నీ పనిచేస్తున్నాయని నిరూపించే దశను కమిషనింగ్ అంటారు, ప్రాజెక్టు లేటైనప్పుడల్లా మొదట కోసేది ఈ దశకిచ్చిన సమయాన్నే. ఎడిన్‌బరోలో పిల్లల ఆసుపత్రి 2019 జూలై 9న తెరవాలి. జూలై 4న స్కాట్లండ్ ఆరోగ్య మంత్రి ఆపేశారు. క్రిటికల్ కేర్ గదుల్లో గంటకు 10 సార్లు గాలి మారాల్సిన చోట 4 సార్లే మారుతోందని చివరి తనిఖీలో బయటపడింది. ఆ తప్పు ఎక్కడిదని వెతికితే, ఏళ్ల కిందట, 2012లో తయారైన ఒక స్ప్రెడ్‌షీట్ దగ్గర తేలింది. అందులో ఏ గదికి ఎంత గాలి అన్న పట్టికలో పడిన తప్పు అంకె, డిజైన్‌లోకీ కాంట్రాక్టులోకీ పోయి చివరికి పైపుల్లో తేలింది. ఈలోపు భవనం 2019 ఫిబ్రవరిలోనే అప్పజెప్పేశారు కాబట్టి, వాడని ఆసుపత్రికి నెలకు సుమారు 14 లక్షల పౌండ్లు కడుతూ వచ్చారు. పూర్తిగా తెరిచేసరికి 2021 మార్చి అయింది. ఆస్ట్రేలియాలో పెర్త్ పిల్లల ఆసుపత్రి కూడా ఇలాగే ఆగింది. 2016లో తాగే నీళ్లలో సీసం కనిపించింది, దాన్ని తగ్గించి 2018లో గానీ తెరవలేకపోయారు.

ఆ పట్టికను ఒక్క ఐసీయూ నర్సు, ఒక్క ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ డాక్టరు వరస వరసా చదివి సంతకం పెట్టి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. అందుకే నేను ఎప్పుడూ అడిగేది: ఒక వార్డు గదిని అట్టలతోనో ప్లైవుడ్‌తోనో నిజం సైజులో ముందే కట్టి, మంచం తిప్పి చూడండి, ట్రాలీ తలుపులో పడుతుందో లేదో, చేతులు కడుక్కునే సింక్ ఎక్కడుంటే అందుతుందో నర్సులతో చెప్పించండి. దానికయ్యే ఖర్చు మొత్తం ప్రాజెక్టులో లెక్కలోకి కూడా రాదు.

మీ బ్లాక్ విషయంలో ఇంకో కారణం ఉండొచ్చు, ఇది నన్ను ఎక్కువ బాధపెడుతుంది. కట్టడానికి డబ్బు ఒక పద్దు నుంచి వస్తుంది, నడపడానికి ఇంకో పద్దు నుంచి. భవనానికి అనుమతి ఇచ్చిన రోజు అందులో ఎంతమంది నర్సులు, టెక్నీషియన్లు, క్లీనింగ్ సిబ్బంది కావాలో, కరెంటు బిల్లు ఎంతో, ఏసీ ప్లాంటు మెయింటెనెన్స్ ఎంతో ఎవరూ మంజూరు చేయరు. ఆసుపత్రిని నడిపే ఖర్చు కొన్నేళ్లలోనే కట్టిన ఖర్చును దాటిపోతుందని ఈ రంగంలో అందరికీ తెలుసు. అయినా ఆ రెండో లెక్క లేకుండానే మొదటి ఫైలు మీద సంతకాలు పడతాయి. పోస్టుల మంజూరు కాగితం జతచేయని నిర్మాణ ఫైలును వెనక్కి పంపించేయాలి. ఇంతకంటే మెత్తగా చెప్పడం నాకు రాదు.

ప్రశ్న: ప్రభుత్వం దగ్గర డబ్బు లేకపోతే ప్రైవేటు కంపెనీ కట్టి, ప్రభుత్వం 25, 30 ఏళ్లు కిస్తీలు కట్టే పద్ధతి మంచిదే కదా?
– ఎం.కామ్ విద్యార్థి

జవాబు: డబ్బు లేదన్న కారణం ఒక్కటే అయితే మంచిది కాదు. కామర్స్ చదువుతున్నారు కాబట్టి సూటిగా చెప్తాను, ఈ రోజు కట్టనిది రేపు వడ్డీతో కట్టడమే ఇది, పైగా ప్రభుత్వానికి దొరికే వడ్డీకంటే ప్రైవేటు కంపెనీకి అప్పు ఎక్కువ వడ్డీకి దొరుకుతుంది. మరి ఎందుకు చేస్తారంటే, చాలాచోట్ల ఈ బాకీ ప్రభుత్వ అప్పుల లెక్కలో కనిపించకుండా ఉండేది.

బ్రిటన్ 1992లో ఈ పద్ధతి మొదలుపెట్టి 2018లో కొత్త ఒప్పందాలు ఆపేసింది. ఆపే నాటికి ఆసుపత్రులు, బడులు, రోడ్లు అన్నీ కలిపి 700కు పైగా ఒప్పందాలున్నాయి, వాటికి 2040ల దాకా కట్టాల్సింది 19,900 కోట్ల పౌండ్లని జాతీయ ఆడిట్ కార్యాలయం ఆ ఏడాదే లెక్క చెప్పింది. చిన్న దేశానికైతే దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. ఆఫ్రికాలోని లెసోతోలో ఇదే పద్ధతిలో కట్టి 2011లో తెరిచిన క్వీన్ మమొహాతో ఆసుపత్రి దేశ ఆరోగ్య బడ్జెట్‌లో సగానికి పైగా తీసుకుంటోందని ఆక్స్‌ఫామ్ అనే స్వచ్ఛంద సంస్థ 2014లో రాసింది. ఆ లెక్క సరికాదని ప్రపంచ బ్యాంకు వాదించింది. పాత ఆసుపత్రికంటే వైద్యం మెరుగైందన్న అధ్యయనం కూడా ఉంది. ఎవరి లెక్క ఎలా ఉన్నా, 18 ఏళ్ల ఆ ఒప్పందం గడువుకు ముందే 2021లో తెగిపోయింది.

ఈ పద్ధతిలో నిజంగా మంచిది ఒకటుంది. మెయింటెనెన్స్ డబ్బు ఒప్పందంలోనే కట్టిపడేసి ఉంటుంది కాబట్టి ఏ ఏడాదీ దాన్ని కోయలేరు. ఆ ఒక్క క్రమశిక్షణ కోసం 30 ఏళ్ల వడ్డీ కట్టాలా, లేక మనమే ఆ డబ్బును ముట్టుకోకుండా చట్టం చేసుకోవాలా అన్నది అసలు ప్రశ్న. నాది రెండో పక్షం.

ప్రశ్న: కొత్త బిల్డింగులకు నిధులు వస్తాయి, పాతదాని పైకప్పు కారుతున్నా రిపేరుకు రావు. ఎందుకు?

జవాబు: రిపేరుకు రిబ్బన్ కట్ చేయరు కాబట్టి. రెండో కారణం, ఏడాది చివర్లో మందులకూ జీతాలకూ డబ్బు చాలకపోతే మొదట చెయ్యి పడేది రిపేరు నిధుల మీదే. ఇంగ్లండ్‌లో 2014–15 నుంచి 2018–19 మధ్య ఆరోగ్య శాఖ 430 కోట్ల పౌండ్ల నిర్మాణ, మూలధన నిధులను రోజువారీ ఖర్చులకు మళ్లించింది. వాయిదా పడ్డ రిపేర్ల విలువ 2018–19లో 650 కోట్ల పౌండ్లు, 2023–24కు 1,380 కోట్లు. అక్కడ కొన్ని ఆసుపత్రుల పైకప్పులు గాలి బుడగల తేలిక కాంక్రీటుతో వేసినవి. దశాబ్దాల కిందటే వాటి ఆయుష్షు గురించి హెచ్చరికలు వచ్చినా వదిలేస్తే, చివరికి కింగ్స్ లిన్‌లో ఉన్న క్వీన్ ఎలిజబెత్ ఆసుపత్రిలో వేల స్టీలు, కలప స్తంభాలు నిలబెట్టి పైకప్పును ఆపాల్సి వచ్చింది. ఆ స్తంభాల మధ్యే వార్డులు నడిచాయి.

ప్రశ్న: బడ్జెట్ నిజంగా తక్కువైతే ఎక్కడ కోయాలి?

జవాబు: ముఖద్వారం, ఎత్తైన హాలు, గాజు గోడలు, అలంకారపు వంపులు. గదుల సైజులు వార్డుకో రకంగా కాకుండా ఒకే కొలతకు తెస్తే కూడా బాగా మిగులుతుంది.

కోయకూడనివి చెప్తాను. కాలిఫోర్నియాలో ఆలివ్ వ్యూ ఆసుపత్రి కొత్త భవనం తెరిచిన కొద్ది నెలలకే 1971 ఫిబ్రవరి భూకంపంలో పాడైపోయి, కూల్చేశారు. ఆ అనుభవంతో 1973లో ఆసుపత్రుల భద్రతకు ప్రత్యేక చట్టం వచ్చింది, అదే చోట చాలా బలంగా మళ్లీ కట్టారు. 1994 భూకంపంలో ఆ కొత్త కట్టడం నిలబడింది. కానీ స్ప్రింక్లర్ పైపులు పగిలి నీళ్లు పారడంతో రోగులను బయటికి తరలించాల్సి వచ్చింది. అదే భూకంపంలో, బేస్ ఐసొలేటర్ల మీద, అంటే నేల కదలిక భవనానికి తగలకుండా పునాదిలో పెట్టే మెత్తలాంటి పరికరాల మీద, కట్టిన యూఎస్‌సీ యూనివర్సిటీ ఆసుపత్రి పని ఆపలేదు. అంటే స్తంభాలు గట్టిగా ఉంటే చాలదు, పైపుల క్లాంపులు, జనరేటర్ బిగింపు, ఆక్సిజన్ ట్యాంకు పునాది లాంటి చిన్న చిన్న ఐటెమ్‌లు కూడా ఆసుపత్రిని ఆ రోజు పనిచేయిస్తాయి. ఎస్టిమేట్ తగ్గించమన్నప్పుడు మొదట కొట్టేసేది వీటినే. కొట్టేయనివ్వకండి.

ప్రశ్న: నేను మామూలు గృహిణిని, ఇంజినీరింగ్ తెలీదు. మా దగ్గర కడుతున్న ఆసుపత్రి డబ్బు సరిగా ఖర్చవుతోందో లేదో నాలాంటిదాన్ని ఎలా తెలుసుకోను?

జవాబు: ఇంజినీరింగ్ అక్కర్లేదమ్మా, రెండు శాతాలు చాలు. మొత్తం బడ్జెట్‌లో ఇప్పటికి ఎంత శాతం డబ్బు చెల్లించారు, పని ఎంత శాతం పూర్తయింది. ఈ రెండూ ఒకే తేదీకి రాతపూర్వకంగా అడగండి. చెల్లింపు 70, పని 40 అంటే ఎవరైనా సంజాయిషీ చెప్పాల్సిందే. ఖరీదైన మెషీన్లకు అడ్వాన్సు ఇచ్చారు అనే జవాబు నిజం కూడా కావచ్చు, అప్పుడు ఏ మెషీన్, ఎప్పుడు వస్తుందని అడగండి.

తర్వాత మొదట ఆమోదించిన మొత్తం, ఇప్పటి సవరించిన మొత్తం, మధ్యలో జరిగిన మార్పుల జాబితా అడగండి. మొదట చెప్పిన పూర్తి తేదీని కూడా రాసి పెట్టుకోండి. తేదీ మారిన ప్రతిసారీ పాత తేదీ కాగితాల్లోంచి మాయమవుతుంది, కొత్త తేదీ ప్రకారం పని సకాలంలోనే జరుగుతోందని చెప్తారు. నిర్మాణ పనుల వివరాలు ప్రజల ముందు పెట్టాలని 2012 నుంచి చాలా దేశాల్లో పనిచేస్తున్న కాస్ట్ అనే సంస్థ కూడా అధికారులను అడిగేది ఇంచుమించు ఇవే: ఎంతకు ఒప్పుకున్నారు, ఎంతయింది, ఎప్పటికి అన్నారు, ఎప్పటికైంది, తేడా ఎందుకొచ్చింది.

చివరగా, ఆ ఆసుపత్రికి ఎన్ని పోస్టులు మంజూరయ్యాయో అడగడం మరిచిపోకండి. ఈ ప్రశ్న భవనం కట్టే శాఖకు కాకుండా ఆరోగ్య శాఖకు, ఆర్థిక శాఖకు విడివిడిగా పంపండి. ఒకరి జవాబు ఇంకొకరి జవాబుతో కలవకపోతే రెండు కాపీలూ జతచేసి ఆడిట్ విభాగానికి, మీ ప్రజాప్రతినిధికి పంపండి. పైకప్పు వేయకముందే పంపితే ఇంకా మంచిది, అప్పటికి సిబ్బంది నియామకాలు మొదలుపెట్టడానికి సమయం మిగిలి ఉంటుంది.